మై బ్లడీ వాలెంటైన్: ‘లవ్‌లెస్’ నుంచి ‘ఎం బి వి’ దాకా

మై బ్లడీ వాలెంటైన్ ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో 1983లో పుట్టి, లండన్‌లో స్థిరపడిన రాక్ సంగీత బృందం. కెవిన్ షీల్డ్స్ (గిటారు, గాత్రం), బిలిండా బుచర్ (గాత్రం, గిటారు), డెబీ గూజ్ (బేస్ గిటారు), కోల్మ్ ఓ కీసోగ్ (డ్రమ్స్) ఇందులోని నలుగురు సభ్యులు. బృందానికి నలభై ఏళ్లు దాటినా వెలువడిన పూర్తి నిడివి ఆల్బంలు మూడే: ‘ఈజింట్ ఎనీథింగ్’ (1988), ‘లవ్‌లెస్’ (1991), ‘ఎం బి వి’ (2013). రెండో ఆల్బంకీ మూడోదానికీ నడుమ ఇరవై ఒక్క ఏళ్ల మూడు నెలలు గడిచాయి.

అమ్మకాల పట్టికల్లో అగ్రస్థానం చేరకపోయినా, ప్రాణంగా ప్రేమించే శ్రోతలు తరం వెంట తరం పుట్టుకొచ్చే బృందాలను రాక్ ప్రపంచంలో కల్ట్ బ్యాండ్‌లంటారు. ఆ మాటకు అచ్చంగా సరిపోయే బృందం ఇది. ‘లవ్‌లెస్’ విడుదలైనప్పుడు బ్రిటన్ ఆల్బం పట్టికలో 24వ స్థానం దాకే వెళ్లింది. ఆ తర్వాత కొత్త ఆల్బం లేకుండా గడిచిన ఏళ్లలోనే అది గిటారు సంగీతపు దిశను మార్చిన రికార్డుగా పేరు తెచ్చుకుంది. అంత పేరు వచ్చాక కొత్త ఆల్బంతో తిరిగి రావడం ఏ బృందానికైనా కత్తిమీద సామే. ‘ఎం బి వి’ ఆ పరీక్షలో నెగ్గింది. ఎందుకు నెగ్గిందో తెలియాలంటే బృందం మొదటి రోజుల నుంచి రావాలి.

డబ్లిన్ నుంచి లండన్‌కు

కెవిన్ షీల్డ్స్ 1963 మే 21న న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో ఐరిష్ కుటుంబంలో పుట్టాడు. పదేళ్ల వయసులో తల్లిదండ్రులతో డబ్లిన్ చేరాడు. 1978లో ఒక కరాటే పోటీలో కోల్మ్ ఓ కీసోగ్ పరిచయమయ్యాడు. పంక్ సంగీతపు ఊపులో ఉన్న ఆ కుర్రాళ్లిద్దరూ కలిసి ‘ది కాంప్లెక్స్’ అనే బృందంలో వాయించారు. తర్వాతి కాలంలో ‘హాట్‌హౌస్ ఫ్లవర్స్’ గాయకుడిగా పేరు తెచ్చుకున్న లియమ్ ఓ మ్యాన్లీ కూడా ఆ బృందంలో ఉండేవాడు.

1983లో డేవిడ్ కాన్వే గాయకుడిగా కొత్త బృందం ఏర్పడింది. ‘మై బ్లడీ వాలెంటైన్’ అన్న పేరు సూచించింది కాన్వేనే. 1981లో అదే పేరుతో కెనడాలో ఒక భయానక చిత్రం వచ్చిందని అప్పటికి తనకు తెలియదని ఆయన చెప్పాడు. డబ్లిన్‌లో ఆదరణ దొరక్క బృందం నెదర్లండ్స్‌కు, అక్కడి నుంచి పశ్చిమ బెర్లిన్‌కు వెళ్లింది. ‘దిస్ ఈజ్ యువర్ బ్లడీ వాలెంటైన్’ అనే చిన్న ఆల్బం 1985లో అక్కడే వెలువడింది. ఆ ఏడాదే లండన్‌కు మకాం మార్చారు, డెబీ గూజ్ బేస్ వాయిద్యకారిణిగా చేరింది.

ఈ తొలి రికార్డులు విన్నవారెవరూ తర్వాత రాబోయేదాన్ని ఊహించలేరు. అప్పట్లో వాడుకలో ఉన్న రకరకాల శైలుల నీడలు వాటిలో కనిపిస్తాయి తప్ప సొంత గొంతు వినిపించదు. 1987లో కాన్వే తప్పుకున్నాడు. కొత్త గొంతు కోసం జరిగిన పరీక్షకు బిలిండా బుచర్ వచ్చి డాలీ పార్టన్ పాట ‘ది బార్గెన్ స్టోర్’ పాడింది. ఆమె ఎంపికతో బృందానికి స్థిరమైన రూపం వచ్చింది. షీల్డ్స్ కూడా పాడటం మొదలుపెట్టాడు. ఆడ, మగ గొంతులు ఏది ఏదో తేల్చుకోలేనంతగా కలిసిపోయే గానశైలికి బీజం ఇక్కడే పడింది.

‘ఈజింట్ ఎనీథింగ్’

1988 ఆరంభంలో క్రియేషన్ రికార్డ్స్ అధిపతి అలన్ మెగీ ఒక కచేరీలో వీరిని విని, తన సంస్థలో చేర్చుకున్నాడు. క్రియేషన్ చిన్న స్వతంత్ర సంస్థ. ‘ది జీసస్ అండ్ మేరీ చెయిన్’ మొదటి రికార్డును తెచ్చిన సంస్థగా దానికి గుర్తింపు ఉంది. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన ‘యూ మేడ్ మీ రియలైజ్’ అనే చిన్న రికార్డు బ్రిటిష్ సంగీత పత్రికలను ఉలిక్కిపడేలా చేసింది. అప్పటి దాకా పట్టించుకోని బృందం ఒక్కసారిగా అందరికంటే ముందు నిలబడింది.

నవంబరులో తొలి పూర్తి ఆల్బం ‘ఈజింట్ ఎనీథింగ్’ వచ్చింది. వేల్స్ గ్రామసీమలోని ఫోయెల్ స్టూడియోలో, కంటినిండా నిద్ర లేకుండా, కొద్దికాలంలోనే రికార్డు చేశారు. నిద్రకూ మెలకువకూ మధ్య ఉండే మగత ఆ పాటల్లో తెలుస్తుంది. డ్రమ్స్ దూకుడుగా సాగుతుంటే గిటార్లు శ్రుతి తప్పినట్టు ఊగుతాయి, గొంతులు మాత్రం తొణకకుండా పలుకుతాయి. బ్రిటన్ స్వతంత్ర సంస్థల పట్టికలో ఈ ఆల్బం మొదటి స్థానం అందుకుంది.

దీని వెనుకే రైడ్, స్లోడైవ్, లష్, స్వర్వ్‌డ్రైవర్ వంటి బృందాలు తయారయ్యాయి. వేదికపై కాళ్ల దగ్గరున్న, గిటారు ధ్వనిని మార్చే పెడల్స్ వైపు తలవంచి చూస్తూ వాయించే ఈ కుర్రకారుకు పత్రికలు ‘షూగేజ్’ అని పేరు పెట్టాయి. వెక్కిరింపుగా పుట్టిన ఆ పేరే చివరికి ఒక సంగీత శైలికి గౌరవనామంగా నిలిచింది.

గిటారు ధ్వని

మై బ్లడీ వాలెంటైన్ ధ్వనికి మూలం షీల్డ్స్ ఎడమ చేతిలో కంటే కుడి చేతిలో ఎక్కువగా ఉంది. ఫెండర్ కంపెనీ తయారుచేసే జాజ్‌మాస్టర్, జాగ్వార్ గిటార్లకు తీగెల వంతెన కింద ఒక లోహపు కడ్డీ ఉంటుంది. దాన్ని నొక్కితే తీగెలన్నీ ఒకేసారి సడలి శ్రుతి దిగుతుంది, వదిలితే మళ్లీ యథాస్థానానికి వస్తుంది. మామూలుగా వాయిద్యకారులు ఒక స్వరాన్నో పదబంధాన్నో అలంకరించేందుకు మాత్రమే దాన్ని తాకుతారు.

1988లో ఒక మిత్రుడి దగ్గర అరువు తెచ్చుకున్న జాజ్‌మాస్టర్ మీద షీల్డ్స్ మరో పద్ధతి కనిపెట్టాడు. కడ్డీని అరచేతిలో పట్టుకునే ఉండి, అదే చేత్తో తీగెలను మీటాడు. దాంతో ప్రతి మీటుకూ శ్రుతి కాస్త కిందికీ పైకీ జారుతూనే ఉంటుంది. కడ్డీ చేతికి అనువుగా ఉండేందుకు దాన్ని మామూలుకంటే ఎత్తుగా బిగించాడు. ఈ పద్ధతిని ‘గ్లయిడ్ గిటారు’ అంటారు. మన వైణికులు ఒక తీగను పక్కకు లాగి గమకం పలికించినట్టే ఇక్కడ మొత్తం స్వరసమూహమే జారుతుంది, పైగా పాట పొడవునా జారుతూనే ఉంటుంది.

దీనికి తోడు ‘రివర్స్ రివర్బ్’ అనే యంత్ర ప్రక్రియ ఉంది. మామూలుగా శబ్దం పుట్టి, దాని ప్రతిధ్వని క్రమంగా తగ్గుతుంది. యమహా ఎస్‌పీఎక్స్ 90 వంటి పరికరాల్లో ఈ క్రమాన్ని తలకిందులు చేసే ఏర్పాటు ఉంది. ప్రతిధ్వని నెమ్మదిగా పెరుగుతూ వచ్చి ఠక్కున ఆగుతుంది. మీటు తాలూకు మొదటి తాకిడి మరుగున పడటంతో, గిటారు మోగుతున్నట్టు కాక గాలిలోంచి ఉబికి వస్తున్నట్టు వినిపిస్తుంది.

వందల గిటార్లను ఒకదానిపై ఒకటి పేర్చి ఈ ధ్వని సాధించారని చాలామంది నమ్మేవారు. తన పాటల్లో గిటారు పొరలు నిజానికి తక్కువేనని షీల్డ్స్ ఎన్నో ఇంటర్వ్యూల్లో చెబుతూ వచ్చాడు. ఒకే గిటారును సరైన శ్రుతిలో, సరైన ఆంప్లిఫయర్ ముందు, సరైన కదలికతో వాయిస్తే అంత విస్తారం వస్తుందన్నది ఆయన అనుభవం. ఆ ‘సరైన’ కదలిక దొరికేదాకా ఆయన ఆగేవాడు. రాబోయే కష్టాలన్నిటికీ మూలం ఆ పట్టుదలే.

‘లవ్‌లెస్’

రెండో ఆల్బం రికార్డింగ్ 1989 ఫిబ్రవరిలో లండన్‌లోని బ్లాక్‌వింగ్ స్టూడియోలో మొదలైంది. క్రియేషన్ వారి అంచనా ప్రకారం కొన్ని రోజుల్లో పూర్తవ్వాల్సిన పని. అది 1991 సెప్టెంబరు దాకా నడిచింది. ఈ మధ్యలో పందొమ్మిది స్టూడియోలు మారారు. ఒకచోట యంత్రం నచ్చక, ఇంకోచోట గది శబ్దం కుదరక ముందుకు సాగారు. ఎందరో ఇంజనీర్లు వచ్చి వెళ్లినా, షీల్డ్స్ మనసెరిగి చివరిదాకా పనిచేసినవారిలో అలన్ మౌల్డర్ ముఖ్యుడు.

ఆల్బంలోని గిటారు, బేస్ దాదాపు అంతా షీల్డ్సే వాయించాడు. ఓ కీసోగ్ ఆ రోజుల్లో ఆరోగ్యం బాగాలేక, ఉండటానికి ఇల్లు లేక సతమతమయ్యాడు. అతను వాయించిన డ్రమ్స్ ముక్కలను శాంప్లర్ యంత్రంలో దాచి, వాటిని కూర్చి అధిక భాగం పాటలకు తాళం తయారుచేశారు. ‘టచ్డ్’ అనే చిన్న వాద్య ఖండిక మాత్రం పూర్తిగా ఓ కీసోగ్ సృష్టి. బుచర్ గాత్రాన్ని చాలాసార్లు ఆమె నిద్ర లేచిన వెంటనే రికార్డు చేశారు. ఆ గొంతులోని మెత్తదనానికి అదొక కారణం.

ఖర్చు రెండున్నర లక్షల పౌండ్లయిందని, క్రియేషన్ దివాలా అంచుకు చేరిందని అప్పట్లో ప్రచారం జరిగింది. ఆ అంకె అతిశయోక్తి అని షీల్డ్స్ ఖండించాడు. ఏదేమైనా సంస్థకూ బృందానికీ మధ్య సంబంధాలు తెగేదాకా వచ్చాయి. 1990లో ‘గ్లయిడర్’, 1991 ఫిబ్రవరిలో ‘ట్రెమొలో’ అనే చిన్న రికార్డులు వెలువడి, ఏదో అసాధారణమైనది సిద్ధమవుతోందని శ్రోతలకు సూచన ఇచ్చాయి. ‘గ్లయిడర్’లోని ‘సూన్’ అనే పాట నృత్యశాలల తాళాన్ని గిటారు మేఘాలతో కలిపింది. సంగీతకారుడు బ్రయన్ ఈనో దాన్ని బహిరంగంగా మెచ్చుకున్నాడు.

1991 నవంబరు 4న ‘లవ్‌లెస్’ విడుదలైంది. పదకొండు పాటలు, దాదాపు 48 నిమిషాలు. గులాబీ రంగులో అలికేసినట్టున్న గిటారు బొమ్మ అట్ట మీద ఉంటుంది. లోపలి సంగీతాన్ని ఆ బొమ్మ కచ్చితంగా పరిచయం చేస్తుంది: వస్తువు గుర్తుపట్టగలం, అంచులు మాత్రం దొరకవు. మాటలు స్పష్టంగా వినిపించవు. బాణీ మాత్రం వెంటనే పట్టుకుంటుంది. ఇంత పెద్ద శబ్దంలో ఇంత లాలిత్యం అంతకు ముందు రాక్ సంగీతం ఎరుగదు.

విడుదలైన కొద్దికాలానికే మెగీ బృందాన్ని వదులుకున్నాడు. 1992 వసంతంలో ‘ది జీసస్ అండ్ మేరీ చెయిన్’, ‘డైనోసార్ జూనియర్’, ‘బ్లర్’ బృందాలతో కలిసి ‘రోలర్‌కోస్టర్’ కచేరీ యాత్ర చేశారు. ఆ ఏడాదే క్రియేషన్ సంస్థలో దాదాపు సగం వాటా సోనీ చేతికి వెళ్లింది.

ఆగిపోయిన పని

1992 అక్టోబరులో బృందం ఐలండ్ రికార్డ్స్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. చేతికందిన డబ్బుతో దక్షిణ లండన్‌లోని స్ట్రెథమ్‌లో సొంత స్టూడియో కట్టారు. ఇంకెవరి దయా అక్కర్లేకుండా పనిచేసుకోవచ్చని ఆశ. స్టూడియో సామగ్రిలో తలెత్తిన సాంకేతిక లోపాలతో నెలలు గడిచాయి. పని సాగలేదు. సొంత స్టూడియో ఉండటం వల్ల గడువు చెప్పేవారూ లేకపోయారు.

1993లో జేమ్స్ బాండ్ చిత్రంలోని లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాట ‘వుయ్ హావ్ ఆల్ ద టైమ్ ఇన్ ద వరల్డ్’ను ఒక సహాయార్థ సంకలనానికి పాడారు. 1996లో ‘వైర్’ బృందపు పాట ఒకదాన్ని గౌరవ సంకలనం కోసం రికార్డు చేశారు. ఆ దశాబ్దంలో బయటికి వచ్చినవి దాదాపు అంతే. 1995లో గూజ్, ఓ కీసోగ్ తప్పుకున్నారు. 1997లో బుచర్ వెళ్లిపోయింది. షీల్డ్స్ అప్పటి దాకా చేసిన రికార్డింగ్ టేపులను పక్కనపెట్టేశాడు. బృందం రద్దయిందని ఎవరూ ప్రకటించలేదు, వాయించడం మాత్రం ఆగిపోయింది.

సభ్యులు వేర్వేరు దారులు పట్టారు. గూజ్ ‘స్నోపోనీ’ అనే బృందంలో వాయించింది. ఓ కీసోగ్ అమెరికన్ గాయని హోప్ సాండోవల్‌తో కలిసి ‘ది వార్మ్ ఇన్వెన్షన్స్’ ఏర్పరచి, 2001లో ‘బవేరియన్ ఫ్రూట్ బ్రెడ్’ ఆల్బం తెచ్చాడు. షీల్డ్స్ ‘ప్రైమల్ స్క్రీమ్’ బృందంతో కచేరీలు చేశాడు, వారి 2000 నాటి ఆల్బం ‘ఎక్స్‌టర్మినేటర్’లో పాలుపంచుకున్నాడు. సోఫియా కొప్పోలా చిత్రం ‘లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్’ (2003)కు సంగీత ఖండికలు అందించాడు. ‘లవ్‌లెస్’లోని ‘సమ్‌టైమ్స్’ కూడా ఆ చిత్రంలో వినిపిస్తుంది. టోక్యో రాత్రి వీధుల్లో కారు సాగుతుండగా వచ్చే ఆ పాట, బృందం పేరే వినని కొత్త తరానికి దాన్ని పరిచయం చేసింది. కవయిత్రి, గాయని పాటీ స్మిత్‌తో 2005, 2006లలో చేసిన ప్రదర్శనలు 2008లో ‘ది కోరల్ సీ’ పేరుతో వెలువడ్డాయి.

ఈ కాలంలోనే ‘లవ్‌లెస్’ ప్రతిష్ఠ పెరుగుతూ పోయింది. పిచ్‌ఫోర్క్ పత్రిక 1999లో తొంభైల దశాబ్దపు అత్యుత్తమ ఆల్బంల జాబితా వేసి, దానికి మొదటి స్థానం ఇచ్చింది. అమెరికాలో ‘స్మాషింగ్ పంప్‌కిన్స్’ 1993లో తమ ‘సయామీస్ డ్రీమ్’ ఆల్బం మిక్సింగ్ పనిని ‘లవ్‌లెస్’ ఇంజనీరు అలన్ మౌల్డర్‌కే అప్పగించింది. మొగ్‌వాయ్, డెఫ్‌టోన్స్, ఎం83 వంటి ఒకదానితో ఒకటి పోలికలేని బృందాలన్నిటి ధ్వనిలో ‘లవ్‌లెస్’ జాడ ఉంది.

మళ్లీ వేదిక మీదికి

2007 నవంబరులో నలుగురూ తిరిగి కలుస్తున్నట్టు ప్రకటన వెలువడింది. 2008 జూన్‌లో లండన్‌లోని ఐసీఏలో రెండు సన్నాహక ప్రదర్శనలిచ్చి, రౌండ్‌హౌస్ మందిరంలో వరుసగా ఐదు రాత్రులు వాయించారు. జులైలో జపాన్‌లోని ఫుజీ రాక్ ఉత్సవంలో, సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని ‘ఆల్ టుమారోస్ పార్టీస్’ ఉత్సవంలో పాల్గొన్నారు.

ఈ కచేరీలకు వచ్చినవారికి ప్రవేశద్వారం దగ్గరే చెవుల్లో పెట్టుకునే బిరడాలు పంచిపెట్టారు. చివరి పాట ఎప్పుడూ ‘యూ మేడ్ మీ రియలైజ్’. రికార్డులో ఆ పాట మధ్యన కొద్ది సెకన్లపాటు ఒకే స్వరసమూహం మోగుతుంది. వేదికపై ఆ భాగాన్ని పది, పదిహేను నిమిషాలు, ఒక్కోసారి అంతకు మించి సాగదీస్తారు. మొదట చెవికి అది ఒకే రొద. కొద్ది నిమిషాలయ్యాక ఆ రొదలో లేని స్వరాలు, గొంతులు వినిపిస్తున్నట్టు శ్రోతకు అనిపిస్తుంది. శబ్దం ఒంటికి తగులుతుంది, నేల అదురుతుంది. ఉన్నట్టుండి నలుగురూ ఒకే క్షణంలో పాట తర్వాతి చరణంలోకి దూకుతారు. ఆ మలుపు దగ్గర జనం వేసే కేక కచేరీకి పరాకాష్ఠ.

2012 మేలో ‘ఈజింట్ ఎనీథింగ్’, ‘లవ్‌లెస్’ల సరిదిద్దిన ప్రతులతోపాటు 1988–91 నాటి చిన్న రికార్డుల సంకలనం విడుదలైంది. ఈ సరిదిద్దే పని 2006లో మొదలైనప్పుడే షీల్డ్స్ తాను తొంభైల్లో వదిలేసిన టేపులను మళ్లీ విన్నాడు. అనుకున్నదానికంటే అవి బాగున్నాయని గ్రహించాడు. మూడో ఆల్బం అక్కడి నుంచి మళ్లీ ఊపిరి పోసుకుంది.

‘ఎం బి వి’ విడుదల

‘ఎం బి వి’ మూడు కాలాల్లో తయారైన ఆల్బం. పునాది 1996–97లలో పడింది. 2006లో పని తిరిగి మొదలై, 2011–12లలో కొలిక్కి వచ్చింది. బుచర్ గాత్రం చివరి దశలో చేరింది. రికార్డింగ్ రెండంగుళాల వెడల్పున్న 24 ట్రాకుల అనలాగ్ టేపు మీద జరిగింది. ఎల్పీ రికార్డు తయారీలో ఏ దశలోనూ డిజిటల్ ప్రక్రియ వాడలేదని బృందం ప్రత్యేకంగా చెప్పుకుంది. 2012 డిసెంబరు చివర్లో తుది మెరుగులు పూర్తయ్యాయన్న కబురు వచ్చింది. అంతకు ముందు ఎన్నోసార్లు ఆశపడి విసిగిన అభిమానులు పూర్తిగా నమ్మలేదు.

2013 జనవరి 27న లండన్‌లోని ఎలక్ట్రిక్ బ్రిక్స్‌టన్‌లో జరిగిన కచేరీలో ఒక కొత్త పాట వినిపించారు. ఆల్బం రెండు మూడు రోజుల్లో రావచ్చని షీల్డ్స్ సభికులతో అన్నాడు. ఫిబ్రవరి 2న, శనివారం రాత్రి, బృందం సొంత వెబ్‌సైటులో ఆల్బం ప్రత్యక్షమైంది. ప్రపంచం నలుమూలల నుంచి ఒకేసారి వచ్చిపడిన జనానికి సైటు తట్టుకోలేక కుప్పకూలింది. గంటల తరబడి ప్రయత్నించి, అర్ధరాత్రి దాటాక పాటలు అందుకున్నవారు ఎందరో. అదే రాత్రి పాటలన్నీ యూట్యూబ్‌లోనూ పెట్టారు.

ఈ విడుదల వెనుక ఏ పెద్ద సంస్థా లేదు. సొంతంగా డౌన్‌లోడ్, సీడీ, ఎల్పీ రూపాల్లో అమ్మారు. ముందస్తు ప్రచారం, పత్రికలకు ముందుగా ప్రతులు పంపడం ఏవీ జరగలేదు. విమర్శకులూ మామూలు శ్రోతలూ ఒకే సమయంలో, ఒకే ఆత్రుతతో విన్నారు. రెండు సంస్థల అప్పుల ఒత్తిడితో నలిగిన బృందం మూడోసారి ఆ దారి తొక్కలేదు.

తొమ్మిది పాటలు

46 నిమిషాల ‘ఎం బి వి’లో తొమ్మిది పాటలున్నాయి. మూడేసి పాటల చొప్పున మూడు భాగాలుగా వింటే దాని నడక అర్థమవుతుంది.

మొదటి మూడు, ‘షీ ఫౌండ్ నౌ’, ‘ఓన్లీ టుమారో’, ‘హూ సీస్ యూ’, ‘లవ్‌లెస్’ విన్నవారికి పరిచయమైన చోటే మొదలవుతాయి. గిటార్లు అదే తీరున జారుతాయి. అయితే ధ్వని ఇంకా గరుకుగా, దగ్గరగా ఉంటుంది. ‘లవ్‌లెస్’ మీద పరచుకున్న నిగనిగ ఇక్కడ లేదు. ‘ఓన్లీ టుమారో’ చివర్లో ఒక చిన్న గిటారు బాణీ తిరిగి తిరిగి వస్తూ, ప్రతి ఆవృత్తికీ బరువెక్కుతుంది.

తర్వాతి మూడింటిలో గిటారు వెనక్కి తగ్గుతుంది. ‘ఈజ్ దిస్ అండ్ యెస్’లో కీబోర్డు స్వరసమూహాల మీద బుచర్ గొంతు ఒంటరిగా తేలుతుంది. బృందం ఇంత నిరాడంబరంగా వినిపించిన సందర్భం మరొకటి లేదు. ‘ఇఫ్ ఐ యామ్’ దీనికీ తర్వాతి పాటకీ మధ్యలో ఊగిసలాడుతుంది. ‘న్యూ యూ’ ఈ ఆల్బంలోకెల్లా సులువుగా మనసుకెక్కే పాట. బుచర్ గానంలోని తియ్యదనం ఇందులో దాపరికం లేకుండా బయటపడుతుంది.

చివరి మూడు పాటలు ఎవరూ ఊహించని చోటికి తీసుకెళ్తాయి. ‘ఇన్ అనదర్ వే’లో డ్రమ్స్ పరుగందుకుంటాయి. ‘నథింగ్ ఈజ్’ గానం లేని ఖండిక. ఒకే తాళం, ఒకే గిటారు దరువు మూడున్నర నిమిషాలు ఏ మార్పూ లేకుండా మోగుతూ, క్రమంగా శబ్దం మాత్రమే పెరుగుతుంది. ముగింపు పాట ‘వండర్ 2’లో విమానం నెత్తిమీదుగా దూసుకెళ్తున్నట్టున్న హోరు, దాని కింద తొంభైల నాటి లండన్‌లో వెల్లువెత్తిన జంగిల్, డ్రమ్ అండ్ బేస్ సంగీతపు వేగ తాళం, ఆ రెంటి నడుమ ఎక్కడో ప్రశాంతంగా ఒక గొంతు. ఆ నృత్య సంగీతాన్ని షీల్డ్స్ తొంభైల్లోనే ఇష్టంగా విని, తన గిటారుతో దాన్ని ఎలా కలపాలో ఆలోచించాడు. ఆ ఆలోచన రికార్డుగా రూపుకట్టడానికి ఇంతకాలం పట్టింది.

విమర్శకులు ఆల్బంను ఘనంగా స్వాగతించారు. పిచ్‌ఫోర్క్ పదికి 9.1 ఇచ్చింది. ఆ ఏడాది ఉత్తమ ఆల్బంల జాబితాలు చాలావాటిలో దానికి చోటు దొరికింది.

తోటి బృందాల పునరాగమనం

‘ఎం బి వి’ తర్వాతి నాలుగైదేళ్లలో ఆ తరం బృందాలు ఒక్కొక్కటీ తిరిగి వచ్చాయి. 1998 తర్వాత ఆల్బం లేని స్వర్వ్‌డ్రైవర్ 2015లో కొత్తది తెచ్చింది. 1996లో డ్రమ్మర్ క్రిస్ ఆక్లండ్ మరణంతో ఆగిపోయిన లష్, 2016లో ‘బ్లైండ్ స్పాట్’ అనే చిన్న రికార్డు విడుదల చేసి, అదే ఏడాది చివర్లో మళ్లీ విరమించింది. 2017లో మూడు ముఖ్యమైన ఆల్బంలు వచ్చాయి: పందొమ్మిదేళ్ల తర్వాత ‘ది జీసస్ అండ్ మేరీ చెయిన్’ తెచ్చిన ‘డామేజ్ అండ్ జాయ్’, ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత రైడ్ తెచ్చిన ‘వెదర్ డైరీస్’, ఇరవై రెండేళ్ల తర్వాత స్లోడైవ్ తన పేరుతోనే తెచ్చిన ఆల్బం.

వీటిలో స్లోడైవ్ కథ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. 1995లో ‘పిగ్మేలియన్’ వచ్చిన కొద్దికాలానికే ఆ బృందాన్ని క్రియేషన్ వదిలేసింది. అప్పట్లో పత్రికలు వారిని నిర్దయగా విమర్శించాయి. 2014లో తిరిగి వేదికెక్కేసరికి, వారు విడిపోయినప్పుడు పసివాళ్లుగా ఉన్న శ్రోతలు వేల సంఖ్యలో ఎదురుచూస్తున్నారు. 2023లో మరో ఆల్బం ‘ఎవ్రీథింగ్ ఈజ్ అలైవ్’ తెచ్చి, పునరాగమనం తాత్కాలిక ముచ్చట కాదని స్లోడైవ్ నిరూపించుకుంది.

ఈ పునరాగమనాల వెనుక ఉమ్మడి కారణాలున్నాయి. ఇంటర్నెట్ వల్ల దుకాణాల్లో దొరకని పాత రికార్డులు కొత్త తరానికి చేరాయి. ‘ఆల్ టుమారోస్ పార్టీస్’, ప్రిమవేరా సౌండ్ వంటి ఉత్సవాలు ఇలాంటి బృందాలకు మంచి వేదిక, తగిన పారితోషికం కల్పించాయి. పెద్ద సంస్థల ముందస్తు పెట్టుబడి లేకుండానే రికార్డు చేసి అమ్ముకునే వీలు ఏర్పడింది. ఒకప్పుడు ఈ బృందాలను నలిపేసిన పరిస్థితులే మారిపోయాయి.

తర్వాతి పరిణామాలు

2018 జూన్‌లో, ‘ది క్యూర్’ నాయకుడు రాబర్ట్ స్మిత్ రూపకల్పన చేసిన మెల్ట్‌డౌన్ ఉత్సవంలో భాగంగా లండన్‌లోని రాయల్ ఫెస్టివల్ హాల్‌లో మై బ్లడీ వాలెంటైన్ వాయించింది. అదే ఏడాది మొదటి రెండు ఆల్బంలను పూర్తి అనలాగ్ పద్ధతిలో మళ్లీ ఎల్పీలుగా తెచ్చారు. 2021 మార్చి 31న డోమినో సంస్థతో ఒప్పందం కుదిరింది, పాత రికార్డులన్నీ స్ట్రీమింగ్ సేవల్లోకి వచ్చాయి. రెండు కొత్త ఆల్బంల మీద పని జరుగుతోందని షీల్డ్స్ ఆ సందర్భంలో చెప్పాడు. 2025 నవంబరులో డబ్లిన్‌తోపాటు బ్రిటన్ నగరాల్లో పెద్ద మందిరాల్లో బృందం మళ్లీ వేదికెక్కింది.

అంచనా

చాలాకాలం విరామం తర్వాత వచ్చే రికార్డులు ఎక్కువగా రెండు ఉచ్చుల్లో పడతాయి. పాత విజయాన్ని యథాతథంగా మళ్లీ చేసి చూపాలనుకుంటే అది నకలు అవుతుంది. కాలంతో పోటీపడాలనుకుంటే అరువు వేషమవుతుంది. ‘ఎం బి వి’ ఈ రెంటికీ చిక్కలేదు. షీల్డ్స్ కొత్తగా ఏదో మొదలుపెట్టడానికి రాలేదు, ఆగిన చోటి నుంచి పని పూర్తిచేశాడు. అందుకే ఆ ఆల్బం పరిచిత ధ్వనిలో మొదలై, ఎవరూ నడవని దారిలో ముగుస్తుంది.

ఆ ఇరవై ఒక్క ఏళ్లను మేధావి తపస్సుగా కీర్తించడం తేలిక, కానీ న్యాయం కాదు. అందులో వృథా అయిన డబ్బు ఉంది, పాడైన సంబంధాలున్నాయి, సహచరులు కోల్పోయిన యౌవనం ఉంది. ఆలస్యం వల్ల సంగీతం గొప్పదైందని చెప్పలేం. తన చెవికి నచ్చనిదాన్ని బయటపెట్టకూడదన్న నియమాన్ని షీల్డ్స్ నష్టం వచ్చినా వదల్లేదు, తన తొందరపాటు తీర్పును పదేళ్ల తర్వాత తానే తిరగదోడేందుకు సిద్ధపడ్డాడు. ఆల్బం దక్కింది ఈ రెండు గుణాల వల్ల. మూడే ఆల్బంలతో ఒక శైలికి ప్రమాణంగా నిలిచిన బృందాలు రాక్ చరిత్రలో అరుదు. వాటిలో మై బ్లడీ వాలెంటైన్‌ది ముందు వరుస.

కొత్తగా వినదలచినవారు ‘సూన్’, ‘సమ్‌టైమ్స్’ పాటలతో మొదలుపెట్టి, ‘లవ్‌లెస్’ను ఆసాంతం ఒక్క బిగిన విని, ఆ తర్వాతే ‘ఎం బి వి’ దగ్గరికి రావడం మంచిది. మొదటిసారి రొదలా తోస్తే నిరుత్సాహపడవద్దు. మూడోసారి వినేసరికి బాణీలు వాటంతట అవే బయటపడతాయి.